చివరి రంగం రాసినాయన ఊరికి

మేముండే బెంటన్‌విల్ నుంచి డియర్‌బోర్న్‌కి పనిగట్టుకుని వెళ్ళిన తెలుగువాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. మావాళ్ళు నయాగరా వెళ్తారు, కాలిఫోర్నియా వెళ్తారు, నాలుగు రోజులు సెలవు దొరికితే ఎడిసన్ వెళ్ళి చీరలూ స్వీట్లూ కొనుక్కొస్తారు. మిషిగన్‌లో అరబ్బులు ఎక్కువగా ఉండే ఊరికి ఒక్కదాన్నే కారేసుకుని వెళ్తానంటే మావారు ప్రసాద్ నన్ను ఎగాదిగా చూశారు. "ఫోన్‌లో సారీ చెప్తే సరిపోదా?" అన్నారు. సరిపోదని అవతలి పెద్దాయనే కబురు పెట్టారు కాబట్టి మే నెల లాంగ్ వీకెండ్‌కి ఇంకో రెండు రోజులు సెలవు కలుపుకుని గురువారం బయల్దేరాను.

ఎందుకు వెళ్ళానంటే

ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇతరుల తప్పులు వెతకడం. చర్చిలో నా పని క్రిస్మస్ నాటిక వేయించడం, అంటే నా తప్పులు ఇతరుల చేత వెతికించుకోవడం. కిందటేడు మా ఊరి లైబ్రరీవాళ్ళు పాత పుస్తకాలు డాలరుకొకటి అమ్ముతుంటే ఒక నాటికల సంకలనం కొన్నాను. అందులో ఒక అరబ్బు రచయిత నాటిక ఉంది. ఒక పల్లెకి జనాభా లెక్కల గుమాస్తా వస్తాడు. ఏ ఇంట్లో చూసినా ఒక మనిషి తక్కువ. పోలీసులు తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. ఎదురుగా కనబడేవాళ్ళనే రాసుకోవాలని గుమాస్తాకి పైనుంచి ఆర్డరు. చివరి రంగంలో ఊళ్ళో తల్లులు లేచి నిలబడి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ప్రతి పేరుకీ ఊరంతా "ఉన్నాడు" అంటుంది. గుమాస్తా కలం కింద పెట్టేస్తాడు.

జనాభా లెక్క, పల్లెటూరు, గుమాస్తా. క్రిస్మస్‌కి ఇంతకంటే ఏం కావాలి, యేసు ప్రభువు పుట్టింది కూడా జనాభా లెక్కలప్పుడే కదా! తెలుగులోకి మార్చేశాను. ఎవర్నీ అడగలేదు. మా గుంటూరు వైపు పరిషత్తు నాటకాల్లో "అనుసరణ" అని ఒక్క ముక్క వేస్తే చాలు, అనుమతి వచ్చినట్టే లెక్క. నేనూ ఆయన పేరు కింద వేశాను.

చివరి రంగం దగ్గర మాత్రం మా బృందానికి గుండె జారింది. మేం ఐదుగురం, అందరం హెచ్‌వన్ మీదో, దాని మీద ఆధారపడ్డ వీసాల మీదో ఉన్నవాళ్ళం. పోలీసులు, మాయమైన మనుషులు, వీడియో ఆన్‌లైన్‌లో పడితే ఎవరు చూస్తారో! జూమ్‌లో కూర్చుని ఆ రంగం తీసేసి దేవదూతని పెట్టాం. దూత వేషం సునీల్‌ది. వెండి రెక్కలతో వచ్చి పోయినవాళ్ళందర్నీ ఇంటికి తెచ్చేస్తాడు, అందరూ కలిసి పాట పాడతారు, బిర్యానీ. మా చర్చిలో అందరికీ నచ్చింది. ఎంత నచ్చిందంటే, జులైలో అల్ఫారెట్టాలో జరిగే తెలుగు చర్చిల సమావేశంలో వేయమని పిలుపొచ్చింది.

అప్పుడే యూట్యూబ్‌లో మా వీడియో కింద ఒక కామెంట్ పడింది. "ఇది మా మామయ్య నాటకం. మీరెవరు?" మావాళ్ళు పది నిమిషాల్లో వీడియో డిలీట్ చేశారు. నేను మాత్రం క్షమించమని మెయిల్ రాశాను. "అనుమతి కావాలంటే మనిషి రావాలి" అని జవాబొచ్చింది. ఆయన ఊఁ అంటే మాకు అల్ఫారెట్టా ఉంది, లేకపోతే లేదు.

మిస్సోరి, ట్రక్కుల దగ్గర పరాఠా

మొదటి రోజు మధ్యాహ్నం ఒక ట్రక్ స్టాప్ వెనక పంజాబీ ధాబా కనబడింది. నాలుగు బల్లలు, గోడ మీద గురువుగారి పటం, బయట లారీలు. ఆలూ పరాఠాలు రెండు, పెరుగు, మామిడికాయ పచ్చడి కలిపి పదమూడు డాలర్లు. పరాఠాలు చేస్తున్నావిడ హిందీలో ఎక్కడికని అడిగింది. నాటకం రాసినాయన దగ్గరికి పర్మిషన్ కోసం వెళ్తున్నానని చెప్పాను.

"ఆ నాటకానికి డబ్బులొస్తాయా?"

"రావండీ."

"మరి పెట్రోలు ఎవరిస్తారు?"

"నేనే."

నన్ను కాసేపు జాలిగా చూసి, టీకి డబ్బులు తీసుకోలేదు. మా గుంటూరులో అయితే ఇలాంటివాళ్ళకి ముందు డబ్బు తీసుకుని తర్వాత టీ పోస్తారు.

ఇల్లినాయిస్, లెక్క రాసిన ఆవిడ

ఆ రాత్రి ఇల్లినాయిస్‌లో మోటెల్‌లో ఆగి, పొద్దున్నే కింద వాఫుల్ మెషిన్ దగ్గర తిప్పలు పడ్డాను. పిండి పోసి తిప్పాలని తెలియక మూత మీద పోశాను. పక్కనున్న ముసలావిడ నవ్వుతూ తుడిచిపెట్టింది. మనవరాలి గ్రాడ్యుయేషన్‌కి వెళ్తోందట. ఎటు వెళ్తున్నావని అడిగితే నాటిక కథ చెప్పాను. ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టి, "నేను చేశాను ఆ పని, సెన్సస్‌కి ఇల్లిల్లూ తిరిగాను" అంది.

తలుపు తియ్యని ఇళ్ళకి ఏం చేసేవారని అడిగాను. రెండు మూడుసార్లు తిరిగి, అప్పటికీ తియ్యకపోతే పక్కింటివాళ్ళని అడిగి రాసుకునేదట. పక్కింటివాళ్ళు ఎంతమందంటే అంతమంది. మా ఊళ్ళో ఈ పద్ధతి పెడితే పడనివాళ్ళ ఇంట్లో ఒక్కరూ మిగలరని నాకు నవ్వొచ్చింది.

"ఒకావిడ ఇద్దరం అని చెప్పింది. రాసుకుంటుంటే తెలిసింది, భర్త అంతకు ముందు నెలే పోయాడని. రాయకూడదు, రూల్" అంది ఆవిడ.

"మరి ఏం చేశారు?"

"ఒకరనే రాశాను. ఆవిడకి కనబడకుండా రాశాను."

ఆవిడ పేరు అడగడం మర్చిపోయాను. వాఫుల్ బాగానే వచ్చింది.

వంతెన

రెండో రోజు ఇండియానా అంతా పొలాలే, చెప్పడానికేం లేదు. సాయంత్రం ఐదింటికి డెట్రాయిట్ దగ్గర ట్రాఫిక్‌లో ఫోన్ చెప్పిన ఎగ్జిట్ దాటిపోయి, తర్వాతది తీసుకున్నాను. రోడ్డు మెల్లగా పైకి లేస్తోంది. ఎదురుగా పెద్ద వంతెన. బోర్డు మీద "కెనడా" అని ఉంది.

అమెరికాలో పుట్టినవాడికి ఇది జోకు. నా పాస్‌పోర్టులో వీసా స్టాంప్ ఎక్స్‌పైర్ అయి రెండేళ్ళయింది. దేశం లోపల ఉన్నంతకాలం ఫర్వాలేదు. పొరపాటున బయటికి కాలు పెడితే మళ్ళీ రావడానికి ఏ రూలు వర్తిస్తుందో, ఏ ఆఫీసరు ఏమంటాడో నాకు తెలియదు. పైగా కెనడా వీసా కూడా లేదు. వెనక లారీలు, పక్కకి తిరిగే చోటు లేదు. ప్రసాద్‌కి ఫోన్ చేసి, "కెనడా వెళ్ళిపోతున్నాను" అన్నాను. "ఎందుకు?" అన్నారాయన.

టోల్ గేటు ముందు పసుపు కోటు వేసుకున్న ఒకాయన కిటికీలోకి వంగి, "దారి తప్పావా? రోజూ ఎవరో ఒకరు తప్పుతారు" అని దారికి అడ్డంగా పెట్టిన ప్లాస్టిక్ పీపా ఒకటి జరిపి పక్కకి పంపాడు. అక్కడ ఒక ఆఫీసరు లైసెన్స్ చూశాడు, డిక్కీ తెరవమన్నాడు. గోంగూర పచ్చడి సీసా చూసి ఇదేంటన్నాడు. పికిల్ అన్నాను. వెళ్ళమన్నాడు. అంతా కలిపి పది నిమిషాలు. ఎవరూ గొంతు కూడా పెంచలేదు. అయినా మొదటి గ్యాస్ స్టేషన్‌లో కారాపి, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నాను.

డియర్‌బోర్న్, మొదటి రోజు

డియర్‌బోర్న్‌లో అంగళ్ళ బోర్డులన్నీ అరబీలో, కింద చిన్నగా ఇంగ్లీషులో. మందుల షాపు, పళ్ళ డాక్టరు, బంగారం కొట్టు. మధ్యాహ్నం మసీదు నుంచి మైకులో అజాన్ వినబడింది. అమెరికా వచ్చి పన్నెండేళ్ళయింది, మైకులో ప్రార్థన వినడం అదే మొదలు. గుంటూరులో చర్చి మైకు, మసీదు మైకు, గుడి మైకు పొద్దున్నే పోటీ పడేవి. ఇష్టంగా వింటానని ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన మేనకోడలు రీమ్‌ది బేకరీ. కామెంట్ పెట్టింది ఆవిడే. నలభై ఐదేళ్ళుంటాయి, చేతినిండా పిండి. రొట్టె మీద నువ్వులూ ఎండిన ఆకుల పొడీ నూనెలో కలిపి రాసి కాలుస్తారు, నాలుగు డాలర్లు. మన కారప్పొడికి తమ్ముడిలా ఉంటుంది, కారం తప్ప అన్నీ ఉన్నాయి. వెనక గదిలో మామయ్య కూర్చున్నారని చెబుతూనే, ఆయన అసలు పేరు గానీ దేశం పేరు గానీ ఎక్కడా రాయొద్దని అడిగింది. వాళ్ళ మనుషులు ఇంకా అక్కడున్నారు. ఊళ్ళో అందరూ ఆయన్ని "అబూ సామి" అంటారు, సామి వాళ్ళ నాన్న అని; పుస్తకంలో అచ్చయిందీ ఆ పేరే. మా వైపు ఆడవాళ్ళకి పిల్లలు పుట్టాక అసలు పేరు రేషన్ కార్డులో తప్ప వినపడదు, "సుధ వాళ్ళమ్మ" అయిపోతారు. ఇక్కడ ఆ భాగ్యం మగవాళ్ళకీ ఉంది.

ఆయన కథ రీమ్ రొట్టెలు సంచుల్లో వేస్తూ చెప్పింది. బడిపంతులు. సాయంత్రాలు కాఫీ హోటళ్ళలో నాటికలు వేసేవారు. స్టేజీ లేదు, తెర లేదు. పక్క బల్ల దగ్గర కాఫీ తాగుతున్న మనిషి ఉన్నట్టుండి లేచి గుమాస్తా అయిపోతాడు, పోలీసు కనబడితే మళ్ళీ కూర్చుని కాఫీ తాగుతాడు. రొట్టె ధర పెరిగితే రొట్టె మీద నాటిక, ఎన్నికల కాగితంలో ఒకే పేరుంటే ఆ పేరు మీద నాటిక. ఏదీ కాగితం మీద పెట్టేవారు కాదు. కాగితం దొరికిపోతుంది, నోట్లో ఉన్నది దొరకదు. నటులు విని నేర్చుకోవడమే. నేను కొన్న పుస్తకంలో ఉన్నది కూడా ఎవరో విద్యార్థి చూసి, గుర్తుపెట్టుకుని, పరాయి దేశం వెళ్ళాక రాసుకున్నదేనట. ఈయన అమెరికా వచ్చి ఇరవై రెండేళ్ళు. ఇదే బేకరీలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు, శనివారాలు కమ్యూనిటీ హాల్లో కార్ల ఫ్యాక్టరీవాళ్ళ చేత నాటికలు వేయించేవారు. "ఆ నటుల్లో సగంమంది పోయారు. మిగతావాళ్ళకి మోకాళ్ళు పోయాయి" అంది రీమ్.

వెనక గదిలో కోటు, టై, చెవికి మిషను పెట్టుకుని సన్నటి ముసలాయన. నాకు ఏలక్కాయ వేసిన కాఫీ చిన్న గిన్నెలో పోశారు. తాగుతున్నకొద్దీ పోస్తున్నారు. మర్యాదకి ఐదు తాగాను. చాలనుకుంటే గిన్నెని కొంచెం అటూ ఇటూ ఊపాలని రీమ్ అప్పుడు చెప్పింది. మనకైతే విస్తరి మీద అడ్డంగా పడుకున్నా ఇంకో గరిటె పడుతుంది.

లాప్‌టాప్‌లో దాచుకున్న మా వీడియో పెట్టాను. ఆయన ఇరవై నిమిషాలూ కదల్లేదు. తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా ఎక్కడెక్కడ ఏ మాట వస్తుందో ఆయన పెదాలు కదులుతున్నాయి. సునీల్ రెక్కలేసుకుని రాగానే పెదాలు ఆగిపోయాయి. పాట అయ్యేదాకా చూసి, అరబీలో అడిగారు. రీమ్ ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది.

"ఆ రెక్కలాయన ఎవరు?"

"దేవదూత."

"నేను రాయలేదు."

"లేదండి. మేం పెట్టాం."

"పోయినవాళ్ళు తిరిగొచ్చేశారు."

"వచ్చేశారండి."

ఆయన ఇంకేదో అన్నారు. రీమ్ చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, "మా మంత్రిగారి నాటకంలో దూత లేడు, ఆఫీసరు ఉన్నాడు, తేడా అంతే అంటున్నారు" అంది.

ఆయన్ని జైల్లో పెట్టాక అక్కడి ప్రభుత్వం అదే నాటికని రాజధానిలో పెద్ద థియేటర్లో వేసిందట. చివర్లో ఒక ఆఫీసరు వస్తాడు, పోయినవాళ్ళందర్నీ పూలదండలతో ఇళ్ళకి తెచ్చి అప్పగిస్తాడు. పోస్టరు మీద పేరు ఈయనదే. ఆ రంగం తానే రాశానని సంతకం పెడితే వదిలేస్తామన్నారు.

"పెట్టారా?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"పెట్టాను," అన్నారాయన, ఈసారి ఇంగ్లీషులోనే. "పదకొండో నెలలో." వేళ్ళతో పదకొండు చూపించి, మళ్ళీ అరబీలోకి వెళ్ళిపోయారు. రీమ్ నెమ్మదిగా చెప్పింది. "నా చేత ఆ రంగం మార్పించడానికి వాళ్ళకి పదకొండు నెలలు పట్టింది. మీ చేత మార్పించడానికి ఎంతకాలం పట్టింది?"

"మమ్మల్ని ఎవరూ అడగలేదండి. మేమే మార్చుకున్నాం."

"ఎంతసేపట్లో?"

"జూమ్ కాల్‌లో. నలభై నిమిషాలు."

రీమ్ అది అరబీలో చెప్పింది. ఆయన కోప్పడలేదు. స్వీటు ప్లేటు నా వైపు జరిపారు. నాకు చాలా సిగ్గేసింది. ఆయన తిడితే బాగుండేది.

మా వీసాల సంగతి చెప్పాను. భయపడటం తప్పని తాను ఎవరికీ చెప్పలేనన్నారు. కానీ దూత ఉన్న నాటికకి తన అనుమతి అక్కర్లేదట, అది తనది కాదు కాబట్టి తన పేరు తీసేసి వేసుకోవచ్చట. తనది కావాలంటే రేపు రమ్మన్నారు. పుస్తకంలో చివరి రంగం దగ్గర "పేర్లు పిలుస్తారు" అని మాత్రమే ఉంది. ఆ పేర్లు ఏమిటో రాసుకున్న విద్యార్థికి తెలియవు.

డియర్‌బోర్న్, రెండో రోజు

ఆదివారం. చర్చికి వెళ్ళకుండా బేకరీకి వెళ్ళాను. మా అయ్యగారు ఇది చదివితే చదవనీ, పాస్టర్లు అన్నీ క్షమిస్తారు.

పేర్లు తొమ్మిది. నోట్‌బుక్ తీస్తే మూసేయమన్నారు. ఫోన్ కూడా రీమ్ తీసుకుని గల్లాపెట్టెలో పెట్టింది. ఆయన ఒక పేరు అంటారు, నేను అనాలి. రెండు అంటారు, రెండూ కలిపి అనాలి. మా నాయనమ్మకి చదువు రాదని, కీర్తనలు నలభై దాకా విని నేర్చుకుని అప్పజెప్పేదని చెప్పాను. ఆయనకి ఆ మాట చాలా నచ్చింది. "అయితే నీకు అలవాటే" అన్నారు. అలవాటు లేదు. అరబీలో ఒక "హ" గొంతు అడుగు నుంచి రావాలి. నాకు దగ్గు వచ్చింది.

మొదటి పేరు ఏడుసార్లు అనిపించారు. మూడోది పదిసార్లు. ఆరో పేరు మాత్రం ఒక్కసారి అనగానే చాలన్నారు. నేను సరిగ్గా పలికానని అనుకోను. మళ్ళీ అనబోతే చెయ్యెత్తి ఆపి ఏడోదానికి వెళ్ళిపోయారు. అది ఆయన తమ్ముడి పేరని బయటికొచ్చాక రీమ్ చెప్పింది.

మధ్యలో ఆకలేస్తే గోంగూర సీసా తీశాను. రొట్టె ముక్కకి రాసుకుని తిన్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మళ్ళీ రాసుకున్నారు. "మీవాళ్ళు ఇది తిని కూడా భయపడతారా?" అన్నారు. ఆ నాలుగు రోజుల్లో నేను గట్టిగా నవ్వింది అప్పుడే.

మధ్యాహ్నం మూడింటికి తొమ్మిదీ తడుముకోకుండా అప్పజెప్పాను. అదే అనుమతి అన్నారు. కాగితం లేదు, సంతకం లేదు. నేను ఇంకొకరికి నేర్పవచ్చు, నోటితోనే నేర్పాలి. స్టేజీ మీద తొమ్మిదీ పిలవాలి, ఎనిమిది పిలిచి సమయం లేదనకూడదు. మా కార్యక్రమాల్లో బిర్యానీ చల్లారుతోందని సగంలో పాట ఆపించే అలవాటు ఉందని ఆయనకి ఎవరు చెప్పారో! వందనాలు చెప్పి సెలవు తీసుకున్నాను.

తిరుగుదారి పొడుగునా పేర్లు అనుకుంటూనే నడిపాను. మిస్సోరిలో ఐదో పేరు ఒకసారి పోయింది. కారు పక్కకి ఆపి మొదటి నుంచి మొదలుపెడితే దొరికింది.

బెంటన్‌విల్

బుధవారం సాయంత్రం బృందాన్ని జూమ్‌లో కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. దూత ఉంటే ఆయన పేరు ఉండదు, ఆయన పేరు ఉండాలంటే తొమ్మిది పేర్లూ ఉండాలి. నా మాట అయితే నేను దూతతో వెయ్యను, మీరు ఎలాగైనా వేసుకోండి అన్నాను.

ముందు సునీల్ అందుకున్నాడు. "అక్కా, నువ్వు చెప్పింది కరెక్టే. కానీ అక్కడ ఐదొందల మంది ఫోన్లలో వీడియో తీస్తారు. ఎవడో ఒకడు అప్‌లోడ్ చేస్తాడు. నా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ ఇప్పుడే స్టార్ట్ అయింది. రిస్క్ తీసుకోలేను. నన్ను వదిలెయ్ అక్కా, ప్లీజ్." అతని గొంతు నిజంగా బాధగానే ఉంది. అతని బొమ్మ తెర మీంచి పోయింది. మిగతా ఇద్దరూ ఇంట్లో ఒక మాట అడిగి చెప్తాం సిస్టర్ అన్నారు. వాళ్ళవీ పోయాయి.

విమలక్క ఒక్కతే మిగిలింది. ఆవిడది బాపట్ల. నాటికలో పెద్ద తల్లి వేషం ఆవిడదే. భర్త వీసా ఎక్స్‌టెన్షన్ మీద ఇంకేవో కాగితాలు కావాలని ఉత్తరమొచ్చి మూడు వారాలైంది, ఇంటిల్లిపాదీ నిద్ర లేకుండా ఉన్నారు. ఆవిడ వద్దంటే ఒక్క మాట అనకూడదని నేను ముందే అనుకున్నాను. తెర మీద ఆవిడ తల వంచుకుని వెల్లుల్లి వలుస్తోంది.

"ఏమంటావక్కా?" అన్నాను.

"ఆ పేర్లు రాసుకోగూడదన్నావు గదా."

"రాయకూడదక్కా. వాట్సాప్‌లో కూడా పెట్టకూడదు."

"మరెట్టా నేర్చుకునేది? నువ్వు చెప్పు, నేనంటా. నిదానంగా చెప్పమ్మాయ్, నాకసలే నోరు తిరగదు."

మొదటి పేరు చెప్పాను. ఆవిడ అంది.

"తప్పా?" అని అడిగింది.

"తప్పేనక్కా."

వెల్లుల్లి గిన్నె పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. "సరే, మళ్ళా చెప్పు."